తెలుగు వికీపీడియాలో మాటా మాటా వస్తే: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్ కళాశాలల్లో, గ్రంథాలయాల్లో జరిగే వికీ శిక్షణ శిబిరాలకు వచ్చేవారి కోసం ఈ పేజీ. వ్యాసం ఎలా రాయాలో చెప్పే పేజీలు చాలానే ఉన్నాయి. రాసిన వ్యాసంలో ఇంకొకరు చెయ్యి పెట్టాక ఏం చేయాలన్నదే ఇక్కడి విషయం.

రాత్రి రాసిన పేరా పొద్దున చూస్తే లేదు. ముందు ఏం చేయాలి?

రద్దుచెయ్యి మీటను ముట్టుకోకండి. చరిత్ర ట్యాబు తెరిచి, మీ మార్పుకూ ఇప్పటి కూర్పుకూ మధ్య ఏం జరిగిందో ఒక్కో దిద్దుబాటు చొప్పున చూడండి. పేరా నిజంగానే పోయిందా, కింది విభాగంలోకి జరిగిందా, కొత్త పేజీకి వెళ్లిందా అన్నది ముందు తేలాలి. "తీసేశారు" అని వచ్చే ఫిర్యాదుల్లో కొన్ని ఇక్కడే తీరిపోతాయి.

చరిత్రలో ఎర్రగా కనిపించే అంకెను చూసి గాభరా పడకండి. అది అక్షరాల లెక్క కాదు, బైట్ల లెక్క. యూనికోడ్ UTF-8 పద్ధతిలో తెలుగు అక్షరానికి మూడు బైట్లు. గుణింతపు గుర్తుకు విడిగా మూడు, పొల్లుకు మరో మూడు. "క్షి" ఒక్కటే పన్నెండు బైట్లు. కాబట్టి మైనస్ 3,000 అని ఉంటే పోయింది పేజీ కాదు, మహా అయితే రెండు మూడు పేరాలు.

తర్వాత చూడాల్సింది సమయం. ఇద్దరు ఒకే విభాగాన్ని ఒకే వేళ దిద్దుతుంటే రెండోవారికి దిద్దుబాటు ఘర్షణ తెర వస్తుంది. అలవాటు లేనివారు అక్కడ కంగారుపడి, తమ పాఠ్యం మొత్తాన్ని తెచ్చి అతికించి ప్రచురిస్తారు. మొదటివారు చేర్చిన వాక్యాలు అందులో కొట్టుకుపోతాయి. చరిత్రలో మాత్రం ఎవరో పనిగట్టుకుని చెరిపినట్టే కనిపిస్తుంది. రెండు మార్పుల మధ్య తేడా కొద్ది నిమిషాలే అయితే మొదట అనుమానించాల్సింది దీన్నే.

సదుద్దేశంతో చేశారనుకోమంటారు. అంటే తప్పు చేసినా ఊరుకోవాలా?

ఊరుకోనక్కర్లేదు. తప్పును దిద్దండి, ఆధారం లేని వాక్యాన్ని తీసేయండి, "ఈ సంవత్సరం తప్పు" అని ముఖానే చెప్పండి. చేయకూడనిది ఒకటే: ఆ తప్పు వెనక ఏ దురుద్దేశం ఉందో మీరే ఊహించి రాయడం. "ఈ పేరాకు మూలం లేదు" అన్నది ఎవరైనా సరిచూడగల మాట. "కావాలనే మూలం లేకుండా రాశారు" అన్నదాన్ని ఎవరూ రుజువు చేయలేరు. ఆ మాట వచ్చాక చర్చ మూలం గురించి కాకుండా మనిషి గురించి నడుస్తుంది.

ఇది వికీపీడియా తొలి ఏళ్ల నుంచీ ఉన్న నియమం. వికీపీడియాను నడిపే వికీమీడియా ఫౌండేషన్ ట్రస్టీల బోర్డు ఆమోదంతో 2021 ఫిబ్రవరిలో వెలువడిన సార్వత్రిక ప్రవర్తనా నియమావళిలోనూ ఉంది. ఆ నియమావళి తెర మీది రాతలతో ఆగదు, మనం కుర్చీలు వేసుకుని కూర్చునే శిబిరాలకూ వర్తిస్తుంది.

దిద్దుబాటు సారాంశంలో (మార్పు ఎందుకు చేశారో రాసే పెట్టెలో) ఏమీ రాయకుండా తీసేశారు. అది అమర్యాద కాదా?

బద్ధకం కావచ్చు, ఫోన్‌లో దిద్దుతూ ఆ పెట్టెను గమనించక పోవచ్చు. అడగండి, చెబుతారు. మీరు తీసేటప్పుడు మాత్రం రాయండి. "అనవసరం" అని ఒక్క ముక్క రాయడం కంటే ఖాళీగా వదలడమే నయం. "రెండో పేరాలోని విషయమే మళ్లీ వచ్చింది, అందుకని ఇక్కడ తీశాను" అంటే ఎవరికీ మంట పుట్టదు.

పాత చరిత్రల్లో సారాంశాలు పెడసరంగా, తెగిపోయినట్టు కనిపిస్తే దానికో సాంకేతిక కారణం ఉంది. అప్పట్లో హద్దు 255 బైట్లు, అంటే తెలుగులో 85 అక్షర సంకేతాలు. మర్యాదకు చోటు చాలేది కాదు. 2018 నుంచి 500 అక్షర సంకేతాల దాకా రాయవచ్చు కాబట్టి ఇప్పుడు ఆ సాకు చెల్లదు. ఒకసారి ప్రచురించిన సారాంశాన్ని మళ్లీ దిద్దలేరన్నది మరిచిపోకండి. కోపంలో రాసిన రెండు మాటలు మీ వాడుకరి పేరు పక్కనే చరిత్రలో ఉండిపోతాయి.

చర్చా పేజీలో ఎలా రాస్తే గొడవ పెరగకుండా ఉంటుంది?

"మీరు మూడో పేరా తీసేశారు" అన్నా, మీరు అన్న మాట మానేసి "మూడో పేరా తీసేశారు" అన్నా వేలు ఎదుటివారి వైపే ఉంటుంది. తెలుగులో క్రియ చివరే కర్త దాక్కుని ఉంటాడు. "మూడో పేరా పోయింది" అని చూడండి, వేలు దిగిపోతుంది. పోయింది, తెగింది, మారింది, పడింది: ఇలాంటి క్రియలతో ప్రశ్న మొదలుపెడితే ఎదుటివారికి సంజాయిషీ ఇచ్చుకునే అవసరం రాదు, నేరుగా విషయంలోకి వస్తారు.

వేడి పుట్టించే వాక్యం ఇలా ఉంటుంది: "ఆధారాలతో రాసిన సమాచారాన్ని ఎందుకు తొలగించారో సమాధానం చెప్పాలి." పని జరిగే వాక్యం ఇలా: "2011 జనాభా లెక్కల వాక్యం నిన్నటి మార్పులో పోయింది. మూలం చాలదనా, వేరే విభాగంలో పెడదామనా?" రెండో దాంట్లో రెండు దారులు చూపించారు కాబట్టి అవతలివారు ఏదో ఒకటి ఎంచుకుని జవాబిస్తారు. చాలాసార్లు మీకు తట్టని మూడో కారణం చెబుతారు.

అయితే పేరు ఎత్తకుండా రాయడమంటే పరోక్షంగా పొడవడం కాదు. "కొందరు తామే పండితులనుకుంటారు" అన్నది పేరెత్తి తిట్టడం కంటే చెడ్డది. పేజీ చూసే పదిమందీ అది తమనే అన్నారనుకుంటారు.

ఒక్కో అభ్యంతరానికి విడిగా పేరా రాయండి, సంబంధిత మార్పుకు లింకు ఇవ్వండి, చివర నాలుగు టిల్డాలతో (~~~~) సంతకం పెట్టండి. సంతకం లేని వ్యాఖ్య ఎవరిదో తెలియక, చేయనివారి మీద నింద పడుతుంటుంది.

"గారు" పెట్టాలా? "నువ్వు" అంటే తప్పా?

తెలియనివారిని "మీరు" అనండి, పేరు తర్వాత "గారు" చేర్చండి. వయసు, చదువు, ఉద్యోగం ఏవీ తెలియని చోట అదే క్షేమం. పదహారేళ్ల ఇంటర్ విద్యార్థీ, రిటైరైన తెలుగు ఉపన్యాసకులూ ఒకే చర్చలో ఉండవచ్చు.

ఇంకో కోణం కూడా ఉంది. "చేసినవ్", "చెప్పినవ్" అన్న తెలంగాణ మాట విని కోస్తావారు ఏకవచనంలో కసిరారనుకున్న సందర్భాలు ఉంటాయి. ఆప్యాయంగా అన్న మాటే అయ్యుండవచ్చు. అలాగే "ఏమండీ, ఇదేం రాతండీ" అన్నది కొందరికి వెటకారంగా తోస్తుంది. ఎదురుగా ఉంటే ముఖం చూసి అర్థమయ్యేది, అక్షరాల్లో ముఖం కనపడదు. యాసను బట్టి మనసును అంచనా కట్టవద్దు.

ఉన్నదాని కంటే ఎక్కువ గౌరవం చూపినా అనుమానమే. "మహానుభావా", "తమరు సెలవిచ్చినట్టు", "పండితులవారు" అని రాస్తే అది తిట్టేనని తెలుగు చదివే ప్రతివారికీ తెలుసు. నిర్వాహకులకూ (పేజీలను సంరక్షించే, వాడుకరులను నిరోధించే హక్కులున్న వాడుకరులకు) తెలుసు.

రెండు కూర్పులను పోల్చే తేడా చూపులో రెండు వైపులా ఒకే మాట ఉంది, అయినా మారిందంటోంది. ఎవరైనా ఆటపట్టిస్తున్నారా?

కంటికి కనపడని అక్షరం మారి ఉంటుంది. "ఫేస్‌బుక్" లాంటి మాటల్లో పొల్లు తర్వాత వచ్చే అక్షరం వత్తుగా మారకుండా ఆపేందుకు జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తు పెడతారు. కొన్ని కీబోర్డులు దాన్ని పదం చివర కూడా వేసేస్తాయి, కొన్ని అసలు వేయవు. పదం చివర అది ఉన్నా లేకున్నా చూపులో ఒకటే, కంప్యూటరుకు మాత్రం రెండు వేర్వేరు మాటలు. పేజీ లేదన్నట్టు లింకు ఎర్రబడి కనిపించడం, ఒకే పేరుతో రెండు పేజీలు పుట్టడం ఇందువల్లే జరుగుతుంటాయి. ఎవరి దురుద్దేశమూ లేదు.

కూకట్‌పల్లి హైదరాబాద్‌లో ఉందని రాస్తే ఇంకొకరు మార్చేస్తున్నారు. పుట్టి పెరిగినవాళ్లకు తెలియదా?

ఇద్దరూ ఒప్పే రాస్తున్నారు. కూకట్‌పల్లి హైదరాబాద్ నగరంలో భాగం, రెవెన్యూ జిల్లా మాత్రం మేడ్చల్–మల్కాజ్‌గిరి. 2016 అక్టోబరు 11 దాకా అది రంగారెడ్డి జిల్లా. ఒకరు నగరం గురించి చెబుతున్నారు, ఇంకొకరు జిల్లా గురించి. "హైదరాబాద్ నగరంలో, మేడ్చల్–మల్కాజ్‌గిరి జిల్లా పరిధిలోని ప్రాంతం" అని రాస్తే ఇద్దరి మాటా నిలుస్తుంది.

తెలంగాణ గ్రామాల పేజీల్లో తగాదాలకు ఇదే పెద్ద పుట్ట. 2014లో రాష్ట్రం ఏర్పడినప్పుడు జిల్లాలు పది. 2016లో 31 అయ్యాయి. 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట చేరి 33 అయ్యాయి. 2021లో వరంగల్ పట్టణ, గ్రామీణ జిల్లాలు హనుమకొండ, వరంగల్ జిల్లాలుగా మారాయి. జనాభా అంకెలేమో 2011 లెక్కల నుంచి వస్తాయి, వాటిలో పాత మండలం, పాత జిల్లా ఉంటాయి. తాండూరు దగ్గరి ఊరిని ఒకరు 2011 పట్టిక చూసి రంగారెడ్డి జిల్లా అంటారు, ఇంకొకరు ఈనాటి ఉత్తర్వు చూసి వికారాబాద్ జిల్లా అంటారు. ఇద్దరి చేతిలోనూ ప్రభుత్వ కాగితమే.

తేదీతో కలిపి రాస్తే తగవు తీరుతుంది: "2016 పునర్వ్యవస్థీకరణకు ముందు రంగారెడ్డి జిల్లాలో ఉండేది." పాతదాన్ని చెరపకూడదు, కొత్తదాన్ని దాచకూడదు. ఎదుటివారితో వాదన మొదలయ్యేలోపు వారు ఏ సంవత్సరపు మూలం చూస్తున్నారో అడగండి.

సెప్టెంబరు 17ను విమోచన అనాలా, విలీనం అనాలా?

ఏదో ఒకటి ఎంచుకుని మిగతావి చెరిపితే ఆ పేజీలో ప్రతి సెప్టెంబరులోనూ మంటే. జరిగిన సంగతిలో వివాదం లేదు: 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాద్ రాజ్యంలోకి వచ్చింది, 17న నిజాం లొంగిపోయాడు. దాన్ని ఏమని పిలవాలన్న దగ్గరే తేడా. కేంద్ర ప్రభుత్వం 2022 నుంచి హైదరాబాద్ విమోచన దినోత్సవంగా జరుపుతోంది. అదే ఏడు రాష్ట్ర ప్రభుత్వం తెలంగాణ జాతీయ సమైక్యతా దినోత్సవం అంది, 2024లో ప్రజా పాలన దినోత్సవం అంది. విలీన దినమనేవారు, విద్రోహ దినమనేవారు ఉన్నారు.

వికీపీడియా తన గొంతుతో తేదీని, సంఘటనను చెబుతుంది. పేర్లను మాత్రం ఎవరు ఏమంటారో వారి నోటనే చెప్పిస్తుంది. తటస్థ దృక్కోణమంటే నడిమధ్య గీత గీయడం కాదు, ఏ మాట ఎవరిదో చెప్పడం. చర్చలో ఇంకొకరు మీకు నచ్చని పేరు వాడినంత మాత్రాన వారిని ఒక పార్టీ ఖాతాలో వేయకండి. వారింట్లో తాతల నాటి నుంచీ వాడే మాట అదే కావచ్చు.

హైదరాబాద్, హైదరాబాదు. సొరకాయ, ఆనపకాయ. ఏది సరైనది?

రెండూ. ఉన్న రూపం తప్పు కానప్పుడు, మీకు అలవాటైన రూపంలోకి మార్చడానికే ఒక దిద్దుబాటు ఖర్చుపెట్టకండి. వ్యాసమంతా ఒకే రూపం ఉంటే చాలు. కాయగూర పేరైతే మొదటి వాక్యంలోనే రెండూ చెప్పి, రెండో పేరు నుంచి దారిమార్పు పెట్టండి, ఆ పేరుతో వెతికినా ఇదే పేజీ తెరుచుకుంటుంది.

ఇంకొకరి మార్పును ఎన్నిసార్లు వెనక్కి తిప్పవచ్చు?

ఒకే పేజీలో 24 గంటల్లో మూడుసార్లకు మించి తిప్పితే నిరోధం (దిద్దే వీలు లేకుండా ఆపడం) తప్పదన్న లెక్క ఇంగ్లీషు వికీపీడియాలో పుట్టింది. దాన్ని రోజుకు మూడుసార్ల కోటాగా చదివేవారు ఉన్నారు. అది కోటా కాదు. రెండోసారి తిప్పారంటేనే అది దిద్దుబాటు యుద్ధం. తెలుగు వికీ చిన్న సముదాయం, ఇక్కడ ఒక్కసారితో ఆగి చర్చకు రావడం మేలు. ఎవరి కూర్పు పేజీ మీద ఉన్నా, రెండు రోజులు ఉంటే కొంప మునగదు.

బతికున్న వ్యక్తి గురించి ఆధారం లేని నింద పడి ఉంటే మాత్రం ఆగనక్కర్లేదు. వెంటనే తీసేసి, కారణం సారాంశంలో రాసి, నిర్వాహకులకు తెలపండి.

చర్చా పేజీలో అడిగి మూడు రోజులైంది, ఉలుకూ పలుకూ లేదు. అంటే ఒప్పుకున్నట్టేనా?

కాదు. ఇక్కడ రాసేవారిలో చాలామంది ఉద్యోగాలు చేసుకుంటూ ఆదివారం పూట కూర్చునేవారే. ఒక ఆదివారం దాటేదాకా, అంటే కనీసం వారం ఆగండి. వ్యాసపు చర్చా పేజీని వారు చూడకపోవచ్చు కాబట్టి వారి వాడుకరి చర్చా పేజీలో ఒక వాక్యం, లింకుతో సహా, పెట్టండి. అప్పటికీ జవాబు లేకపోతే రచ్చబండలో (తెలుగు వికీలో అందరూ చర్చించుకునే పేజీలో) ఇతరుల అభిప్రాయం అడగండి. అడిగేటప్పుడు ఇద్దరి కూర్పులకూ లింకులివ్వండి, మీ వైపు వాదన రెండు వాక్యాలు దాటనివ్వకండి. ఎవరూ కాదనకపోతే మార్పు చేసి, "చర్చా పేజీలో చెప్పిన ప్రకారం" అని సారాంశంలో రాయండి. తర్వాత వారొచ్చి అభ్యంతరం చెబితే చర్చ మళ్లీ మొదలవుతుంది, అది మామూలే.

వారు చూపిన పుస్తకం నెట్‌లో ఎక్కడా లేదు. కల్పించారేమో?

నెట్‌లో లేని పుస్తకం మూలంగా చెల్లుతుంది. తెలుగు పుస్తకాల విషయంలో ఈ పట్టింపు పెట్టుకుంటే సగం చరిత్ర రాయలేం. ప్రచురణ సంవత్సరం, పుట సంఖ్య, ఆ వాక్యం యథాతథంగా, ఈ మూడూ అడగండి. అడగడం అవమానించడం కాదు, చెప్పడం వారి బాధ్యత.

హైదరాబాద్‌లో ఉన్నవారికి ఇంకో సౌకర్యం ఉంది, వెళ్లి చూడవచ్చు. అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం, 1901లో మొదలై ఇప్పుడు సుల్తాన్ బజార్‌లో ఉన్న శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం, బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రం: పాత తెలుగు పుస్తకాలకు, పత్రికలకు మొదట తొక్కాల్సిన గడపలివి. పుట నెంబరు తప్పు పడిందని తేలితే దాన్ని సరిచేసి చెప్పండి, "పట్టేశాను" అన్న గొంతుతో కాదు.

నేను మర్యాదగానే ఉన్నాను, అవతలివారు తిడుతున్నారు. ఎంతవరకు పడాలి?

తిట్టుకు జవాబివ్వకుండా, ఆ వ్యాఖ్యలో విషయానికి సంబంధించిన ముక్క ఏదైనా ఉంటే దానికే జవాబివ్వండి. లేకపోతే ఆ రోజుకు పేజీ మూసేయండి. మర్నాడు ఒక్కసారి, "వ్యక్తిగత వ్యాఖ్యలు వద్దు, పేరా గురించి మాట్లాడదాం" అని వారి వాడుకరి చర్చా పేజీలో రాయండి, వ్యాసపు చర్చలో పదిమంది ముందు కాదు. మళ్లీ జరిగితే ఆ వ్యాఖ్యల లింకులతో నిర్వాహకులకు చెప్పండి. స్క్రీన్‌షాట్లు అక్కర్లేదు, చరిత్రలో అన్నీ ఉంటాయి.

నొప్పించే మాటకు తిట్టుతో కాక ఆధారంతో జవాబివ్వడం ఎలాగో ఈ నగరమే చూపింది. "నిజాం రాజ్యంలో తెలుగు కవులే లేరు" అన్న మాటకు ఇక్కడే ఒక జవాబు పుట్టింది. గోలకొండ పత్రిక సంపాదకుడు సురవరం ప్రతాపరెడ్డి 354 మంది కవుల వివరాలు సేకరించి 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. ఈనాటికీ ఆ కవుల పేజీలకు అది పనికొచ్చే మూలం.

ఇంటిపేరు చూసి, ఊరు చూసి పక్షపాతం అంటగడుతున్నారు.

అది విమర్శ కాదు, వ్యక్తిగత దాడి. కులం, మతం, ప్రాంతం మీద వచ్చిన మాటలకు రెండో అవకాశం ఇవ్వక్కర్లేదు, నేరుగా నివేదించండి. మీరూ ఆ ఛాయలకు పోవద్దు. ఒక హీరో పేజీలో వసూళ్ల అంకె తగ్గించినవారి ఇంటిపేరు వెతకడం కంటే, ఆ అంకె నిర్మాత పోస్టర్ నుంచి వచ్చిందా, పత్రిక నుంచి వచ్చిందా అని వెతకడం మంచిది.

ఫోన్ నెంబరు, ఇంటి చిరునామా, ఉద్యోగ వివరాలు ఎవరైనా పేజీలో పెడితే చర్చించకండి, దాన్ని మళ్లీ ఎత్తి రాయకండి. మామూలుగా చెరిపితే పాత కూర్పులో ఉండిపోతుంది. దాన్ని కనపడకుండా దాచే హక్కు నిర్వాహకులకు ఉంది. వారికీ కనపడకుండా పూర్తిగా మూయాలంటే, ఆ హక్కున్నవారు స్థానికంగా లేని వికీలకు స్టీవార్డులు (అన్ని వికీల్లోనూ హక్కులున్న వాడుకరులు) చేస్తారు. ప్రైవేటుగా తెలపండి, రచ్చబండలో కాదు.

వాట్సాప్ గ్రూపులో మావాళ్లను పిలిచి మద్దతు రాయించవచ్చా?

వద్దు. ఏకాభిప్రాయం అంటే చేతులెత్తి లెక్కించడం కాదు. పది "నేనూ సమర్థిస్తున్నాను"ల కంటే ఒక్క పుట నెంబరు బరువెక్కువ. పైగా ఒక్క గంటలో కొత్త ఖాతాలు వరసగా వచ్చి ఒకే మాట రాస్తే నిజమైన మనుషులైనా దొంగ ఖాతాలనే అనిపిస్తుంది.

శిబిరంలో మా విద్యార్థులను ఒకరి బినామీలుగా అనుమానించారు. ఎందుకు?

కళాశాల ల్యాబులో నలభై మంది ఉన్నా బయటికి ఒకటే ఐపీ చిరునామా. ఒక ఐపీ నుంచి రోజుకు ఆరు ఖాతాలే తెరవగలరు. ఏడోవారికి ఖాతా రాక, పక్కవారి ఖాతాలో కూర్చుని రాస్తారు. అందరూ ఒకే నమూనా వ్యాసం పెడతారు. బయటి నుంచి చూసేవారికి ఇది అచ్చంగా ఒకరు చేస్తున్న మోసంలానే ఉంటుంది.

శిబిరం జరిపేవారు ముందే చేయాల్సిన పనులు: వారం ముందు విద్యార్థులతో ఇంటి దగ్గరే ఖాతాలు తెరిపించడం, లేదా పరిమితి సడలించమని ముందుగా అభ్యర్థన పెట్టడం. తేదీ, సమయం, కళాశాల పేరుతో ఒక ప్రాజెక్టు పేజీ పెట్టి రచ్చబండలో తెలపడం. ప్రతి విద్యార్థి వాడుకరి పేజీలో ఆ ప్రాజెక్టుకు లింకు ఇవ్వడం. మొదటి రాత వికీలోని ప్రయోగశాలలోనే (సాధన కోసం ఉండే పేజీలోనే) సాగనివ్వడం. ఇవి చేస్తే కొత్తవారి మీద ఎవరూ విరుచుకుపడరు.

సదుద్దేశం అనుకోవడం ఎక్కడ ఆపాలి?

చెప్పిన తర్వాత కూడా అదే పని చేస్తే. మూలం అడిగితే జవాబు లేకుండా మళ్లీ అదే వాక్యం, ఇచ్చిన మూలంలో లేని విషయం పదే పదే, పేజీ ఖాళీ చేసి బూతులు, డబ్బు తీసుకుని రాస్తూ ఆ సంగతి దాచడం: ఇక్కడ ఊహ అవసరం లేదు, ఆధారాలు పేజీ చరిత్రలోనే ఉంటాయి. అప్పుడు కూడా లింకులు పెట్టి ఏం జరిగిందో రాయండి, విశేషణాలు వద్దు. "దుశ్చర్య" అన్న మాటను పేజీని బుద్ధిపూర్వకంగా పాడుచేసినప్పుడే వాడండి. నచ్చని మార్పు దుశ్చర్య కాదు, యంత్రానువాదం వదిలేసిన బద్ధకమూ దుశ్చర్య కాదు.

"సదుద్దేశం అనుకోవాలని తెలియదా?" అని ఎదుటివారిని గదమాయిస్తే ఆ నియమాన్ని ముందు మీరే తప్పినట్టు.

నిర్వాహకులు ఎవరి వాదన ఒప్పో తీర్పు చెబుతారా?

చెప్పరు. పేజీని సంరక్షిస్తారు, అవసరమైతే నిరోధిస్తారు. వ్యాసంలో ఏముండాలన్న చర్చలో వారిదీ ఒక వాడుకరి మాటే.

నేనే మాట తూలాను. ఎలా సరిదిద్దుకోవాలి?

ఇంకా ఎవరూ జవాబివ్వకపోతే ఆ వ్యాఖ్యను తీసేయండి. జవాబు వచ్చి ఉంటే తీయకండి, ఆ జవాబు దేనికో అర్థం కాకుండా పోతుంది. మాట మీద కొట్టివేత గీత పెట్టి, పక్కనే "వెనక్కి తీసుకుంటున్నాను" అని కొత్త సంతకం, సమయం వేయండి. సారాంశంలో తూలి ఉంటే దాన్ని దిద్దలేరు కాబట్టి ఆ వాడుకరి చర్చా పేజీకి వెళ్లి, ఏ మార్పు గురించో లింకు ఇచ్చి, ఒక్క వాక్యంలో క్షమించమనండి. "కానీ మీరు కూడా" అని రెండో వాక్యం మొదలవుతుంటే అక్కడే ప్రచురించు నొక్కేయండి.